మగ్గం ఆగితే విజిల్

దేవేంద్రన్‌కు పోలీసు కావాలని ఏనాడూ లేదు. వాళ్ళు తెల్లవారకముందే లేచి పరిగెత్తాలని ఎవరో చెప్పినప్పటి నుంచి అసలే లేదు. టోపీ అంటే మాత్రం ఇష్టం. తలమీద టోపీ, మెడలో విజిల్, పక్కన నడుస్తూ ఒక సబ్ఇన్‌స్పెక్టరు, రెండు పక్కలా నిలబడి చూస్తూ పొదటూరుపేట జనం. ఇంతే ఆయన కోరిక. ఇందులో ఎక్కడా పని లేదన్న సంగతి గమనించాలి.

పని ఇంట్లో ఉంది. ఇంట్లో గుంట మగ్గం ఉంది, మగ్గం మీద పడుగు ఉంది, మగ్గం పక్కన సుగంధి ఉంది.

పెళ్ళైన కొత్తలో ఆయన భార్యకు ఒక మాట ఇచ్చాడు, తన చేత్తో నేసిన చీర కట్టిస్తానని. ఆ తర్వాత ఎందరో షావుకార్లకు నేశాడు, ఎక్కడెక్కడి పెళ్ళికూతుళ్ళకో నేశాడు. సుగంధికి మాత్రం ప్రతి ఏడూ 'వచ్చే ఏడు' నేశాడు. ఈ ఏడు ఆమె ఆ మాట నమ్మడం మానేసింది. దారం కండెలు చుట్టి కూడబెట్టుకున్న డబ్బుతో తానే నూలు కొనుక్కొచ్చింది. దానిమ్మ గింజ రంగు ఒళ్ళు, పసుపు అంచు. పడుగు ఎక్కించి మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండ ఎక్కేటప్పుడు ఇదే కట్టాల. ఇంక నీ చెయ్యి, నీ కాలు."

"చూస్తాండా కదా."

"నువ్వు చూస్తే అదే నేసుకుంటాదా?"

"మే, మగ్గం అనేది మనసు పెట్టి నేయాల."

"మనసు వద్దు. కాలు పెట్టు, చాలు."

సుగంధిది కూడా నేతగాళ్ళ ఇల్లే. పెళ్ళికి ముందు పుట్టింట్లో మగ్గం మీద కూర్చున్న మనిషి. ఆ సంగతి దేవేంద్రన్‌కు తెలుసు. తెలిసి మర్చిపోయాడు. మొగుళ్ళకు అదొక సౌకర్యం.

సరిగ్గా ఆ వారంలోనే బజారు వీధిలో మిట్టమధ్యాహ్నం ఎవరో బైకు మీద వచ్చి ఒకావిడ మెడలో గొలుసు తెంచుకుపోయారు. కొత్తగా వచ్చిన ఎస్సై శివప్రకాశం నేతవీధి వాళ్ళందరినీ కల్యాణమండపానికి పిలిపించాడు. ఆయన అరవం మనిషి. తెలుగు వాళ్ళ దగ్గర తెలుగే మాట్లాడాలని పట్టుదల. ఆ పట్టుదల సగం వాక్యం దాకా ఉండేది.

"దొంగతనం అయినాక మేము వచ్చేది పెద్ద విషయం ఇల్లే. కాకముందే మీరు చూసుకోవాల. వీధికి నాలుగు కెమెరాలు పెట్టుకోండి" అన్నాడు.

"వాటికి దుడ్డు ఎవురు పెడతారు సార్?" అని పక్కింటి కుప్పయ్య అడిగాడు.

మండపంలో అందరూ ఒకరి జేబు ఒకరు చూసుకున్నారు. అప్పుడు దేవేంద్రన్ లేచాడు. నిజానికి ఆయన లేచింది బస్టాండు దగ్గర వెంకటముని కొట్లో టీ తాగి రావడానికి. ఎస్సై దాన్ని ఇంకోలా తీసుకున్నాడు.

"సొల్లుంగ, చెప్పండి" అన్నాడు.

ఊరంతా తిరిగి చూసింది. టీ అని చెప్పడానికి వీల్లేదు. దేవేంద్రన్ నోట్లోకి ఏది ముందు వస్తే అది చెప్పాడు.

"మా వీధికి కన్ను ఎందుకు సార్, చెవి ఉండాది. ఇంటింటికీ మగ్గం. ఒక్కోదానికి ఒక్కో గొంతు. ఏ మగ్గం ఎవురిదో కండ్లు మూసుకోని చెప్తాము. మగ్గం మోగినంతసేపూ మనిషి బాగుండాడని లెక్క. ఊరికే ఆగిపోయిందంటే లోపల ఏందో అయింది. చుట్టుపక్కలోళ్ళు ఉన్నపళంగా పరిగెత్తాల. దానికి కెమెరా ఎందుకు?"

శివప్రకాశం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పిరమాదం!" అన్నాడు.

అరవంలో ఆ మాటకు భేష్ అని అర్థం. తెలుగులో ప్రమాదం అంటే ఏమిటో మనకు తెలుసు. నేతవీధి వాళ్ళకు రెండూ తెలుసు కాబట్టి ఎవరూ కంగారు పడలేదు, చప్పట్లు కొట్టారు. దేవేంద్రన్‌కు మాత్రం ఆ రెండు అర్థాలూ ఆ రోజే మొదలయ్యాయి.

అక్కడికక్కడే ఆయన్ను వీధి కాపలా దళానికి కెప్టెన్ చేశారు. టోపీ ఇచ్చారు, విజిల్ ఇచ్చారు. వాట్సాప్‌లో గ్రూపు పెట్టారు. దేవేంద్రన్ ఆ ఊపులో ఇంకో నాలుగు ఆజ్ఞలు వేశాడు. "దొంగ అనేవాడు ముందర తలుపు నుంచి పోడు, వెనక గోడ దూకుతాడు. అందుకని కన్నియమ్మక్కా, మగ్గం ఆగిందంటే నువ్వు చీపురు తీసుకోని ఆ ఇంటి వెనక సందులో నిలబడాల. ఎవుడు దూకినా సరే, ఎవురు ఏమని అడగొద్దు."

"నేను ఎప్పుడడిగినా?" అంది కన్నియమ్మ. వెనకింటి ఆవిడ. ఆమె మొగుడు ఆ మాట విని ఊరికే తల ఊపాడు.

మరుసటి రోజు పొద్దున్నే కుప్పయ్య మగ్గం ఆగింది. దేవేంద్రన్ విజిల్ వేశాడు. వీధి మొత్తం రోకళ్ళు, కర్రలు పట్టుకుని కుప్పయ్య ఇంటికి పరిగెత్తింది. కుప్పయ్య కక్కూసు తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి ఎదురుగా ఊరు ఉంది.

"బాగుండావా అన్నా?" అని అడిగారు.

"ఇంతసేపూ బాగుండా" అన్నాడు కుప్పయ్య.

ఇది ఇంకో రెండు సార్లు జరిగాక కుప్పయ్యే ఒక సవరణ తెచ్చాడు. మనిషి తన ఇష్టంతో మగ్గం ఆపేటట్టయితే ముందుగా మగ్గం గుంజ మీద మూడు దెబ్బలు గట్టిగా కొట్టాలి. మూడు దెబ్బలు వినిపిస్తే ఎవరూ రాకూడదు. వినిపించకుండా ఆగితేనే రావాలి. ఎస్సై దానికీ పిరమాదం అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి దేవేంద్రన్ బతుకు మారిపోయింది.

అంతకుముందు ఆయన ఎప్పుడు ఆపాడో, ఎంతసేపు ఆపాడో, అన్ని మగ్గాల మోతలో ఎవరికీ తెలిసేది కాదు. వంటింట్లో ఉన్న సుగంధికి కూడా తెలిసేది కాదు. ఇప్పుడు ఆపాలంటే మూడు దెబ్బలు కొట్టి ఊరికి చాటాలి. కొట్టిన మరుక్షణం ఎవరో ఒకరు గ్రూపులో పెట్టేవాళ్ళు: 'కెప్టెన్ అన్న మళ్ళా నిలిపినాడు.' వంటింట్లోంచి గొంతు వచ్చేది.

"ఏమయ్యా, ఇప్పుడే కదా కూచున్నావు?"

"కాలు తిమ్మిరి పట్టింది మే."

"కూచున్నందుకా, కూచుంటామని అనుకున్నందుకా?"

ఎవరో తవ్విన గోతిలో పడ్డానని చెప్పుకోవడానికి కూడా లేదు. గుంట మగ్గం కాబట్టి ఆయన ముందే గోతిలో కూర్చుని ఉన్నాడు.

వెంకటముని టీ కొట్టు మధ్యాహ్నాలు బోసిపోయింది. దేశం సంగతులు అడిగేవాడు లేడు, చెప్పేవాడు లేడు. కెప్టెన్ టోపీ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. అది చూసి దేవేంద్రన్‌కు నిజంగా దుఃఖం వచ్చింది. టోపీ వచ్చింది గానీ చూసేవాళ్ళు లేని చోట వచ్చింది.

దుఃఖంలోంచే ఆలోచన పుట్టింది.

ఒక పొద్దున ఆయన సెల్‌ఫోన్‌ను గుంట అంచున పెట్టి, రికార్డింగ్ నొక్కి, అరగంట ఏకధాటిగా నేశాడు. దారం లాగుతూ నాడె అటూ ఇటూ పరిగెత్తింది, మగ్గం ఇల్లంతా అదిరేట్టు మోగింది. పెళ్ళైనప్పటి నుంచి ఆయన అంత నిజాయితీగా నేసిన అరగంట ఇంకోటి లేదు. మధ్యలో వంటింట్లోంచి సుగంధి ఏదో పిలిచింది. "వస్తాండా, వస్తాండా" అని అలవాటుగా జవాబిచ్చి, అలవాటుగా వెళ్ళకుండా నేస్తూనే ఉన్నాడు.

ఆ రికార్డింగ్ తీసుకుని బస్టాండు దగ్గర దినకర్ సెల్‌ఫోన్ షాపుకు పోయాడు. మెమరీ కార్డు పట్టే స్పీకరు ఒకటి కొన్నాడు.

"ఇది ఆగకుండా మళ్ళామళ్ళా వచ్చేట్టు ఎక్కించు తమ్ముడూ."

దినకర్ కాసేపు విన్నాడు. "ఏం పాట అన్నా ఇది?"

"భక్తి పాట."

"అంతా తాళమే ఉండాదే?"

"పాట మనసులో పాడుకోవాల" అన్నాడు దేవేంద్రన్.

ఆ మధ్యాహ్నం స్పీకరు కండెల బుట్ట వెనక కూర్చుంది. దేవేంద్రన్ మగ్గం గది తలుపు దగ్గరికి లాగి, తలకు తువ్వాలు చుట్టి, వెనక గోడ దూకి, సందులోంచి బస్టాండుకు పోయాడు. ఎవరి కంటా పడలేదు. పడే అవకాశం లేదు. ఆయన పెట్టిన పద్ధతి వల్ల వీధిలో ప్రతి మగాడూ తన మగ్గానికి అతుక్కుని ఉన్నాడు.

టీ కొట్టు బల్ల మీద టోపీ పెట్టుకుని కూర్చుని ఆయన కాపలా కాశాడు. తిరుత్తణి బస్సులో వచ్చిన ప్రతి మనిషినీ అనుమానంగా చూశాడు. కండక్టరును రెండు సార్లు చూశాడు. జేబులో సెల్‌ఫోన్ టింగుమంది. గ్రూపులో కుప్పయ్య పెట్టాడు: 'కెప్టెన్ అన్న మగ్గం ఒక నిమిషం ఆగలేదు. చూసి నేర్చుకోండి.' కింద ఎస్సై నమస్కారం బొమ్మ పెట్టాడు.

ఇంటికి వచ్చాక సుగంధి ఎప్పటిలాగే వడ్డించింది. అలా రెండు రోజులు గడిచాయి.

ఆ తర్వాత ఒక వింత మొదలైంది. చీర పెరుగుతోంది.

ఒక సాయంత్రం మగ్గం దగ్గరికి వచ్చి చూస్తే పొద్దున తాను నేసినదానికంటే బట్ట ఎక్కువ ఉన్నట్టు అనిపించింది. దేవేంద్రన్ ఆలోచించాడు. బట్ట దానంతట అది పెరగదు. కాబట్టి పొద్దున తానే అంత నేసి ఉండాలి. నేస్తున్నప్పుడు తనకే తెలియలేదన్నమాట. తన చేతివాటం మీద తనకు గౌరవం పెరిగింది. మర్నాడు ఇంకా పెరిగింది, బట్టా గౌరవమూ రెండూ.

"కొంతమందికి అంతే. మనం ఆపినా చెయ్యి ఆపదు" అని వెంకటమునితో చెప్పాడు.

"మీరు ఆపితే కదా తెలిసేది" అన్నాడు వెంకటముని గ్లాసు కడుగుతూ.

రాత్రి భోజనాల దగ్గర సుగంధి ఆయన ఆకులో ఇంకో వడ వేసింది. "బాగా నేస్తాండావయ్యా. అంచు కూడా ఇంత చక్కగా వస్తాదని అనుకోలేదు" అంది.

ఆ మాటకు దేవేంద్రన్‌కు గుండెల్లో ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. ఇన్నేళ్ళకు మొదటిసారి మెచ్చుకుంది, అదీ మోసపోయి మెచ్చుకుంది. పాపం అనిపించింది. రెండో వడ తిన్నాక కొంచెం సర్దుకుంది.

ఆడికృత్తిక దగ్గర పడింది. ఆ మధ్యాహ్నం ఎస్సై శివప్రకాశం వీధి కాపలా ఎలా ఉందో చూడడానికి వచ్చి కుప్పయ్య ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఇక్కడ టీ కొట్లో దేవేంద్రన్ మసాలా వడ కొరికాడు. జేబులో సెల్‌ఫోన్ టింగుమంది, టింగుటింగుమంది, ఆగకుండా మోగింది.

'కెప్టెన్ అన్న మగ్గం నిలిచిపోయింది!'

'మూడు దెబ్బలు ఇనపళ్ళేదు!'

'అన్నకు ఏమో అయింది, రండి రండి!'

వడ గొంతులో ఆగిపోయింది. స్పీకరులో చార్జి అయిపోయింది, ఇంకేముంది అనుకున్నాడు. టోపీ జేబులో కుక్కాడు, తువ్వాలు ముఖం చుట్టూ చుట్టాడు, పరిగెత్తాడు. ముందు వీధిలోంచి పోతే జనం. వెనక సందులోంచి పోయి, గోడ దూకి, గుంటలో కూర్చుంటే చాలు. నిద్ర పట్టేసిందని చెప్పొచ్చు. నేతగాడికి నిద్ర నేరం కాదు.

సందులోకి వచ్చి గోడ ఎక్కాడు. ఒక కాలు అటు వేశాడు. అప్పుడు గుర్తొచ్చింది తాను కన్నియమ్మకు ఎక్కడ నిలబడమని చెప్పాడో.

కన్నియమ్మ చెప్పిన చోటే నిలబడి ఉంది. ఎవరు ఏమని అడగలేదు. అడగొద్దన్నారు కదా. ఇటు వేలాడుతున్న కాలు పట్టుకుని లాగి, కింద పడ్డవాడిని చీపురుతో ఊడ్చినట్టు కొట్టింది. దేవేంద్రన్ అరుద్దామని నోరు తెరిచాడు. మెడలో విజిల్ నోట్లో పడింది. ఆయన అరిచిన ప్రతి కేకా విజిల్ అయింది. అప్పుడే ముందు వాకిట్లోకి చేరిన వీధి మొత్తం విజిల్ విని వెనక సందులోకి వచ్చింది.

శివప్రకాశం తువ్వాలు లాగాడు. చూశాడు. జేబులోంచి సగం బయటికొచ్చిన టోపీ కూడా చూశాడు.

"ఇది మన కెప్టెన్ కదా?"

"అన్నా, నిన్ను కాపాడను వస్తే నువ్వు బయట యాడుండావు?" అన్నాడు కుప్పయ్య. గొంతులో కోపం లేదు, ఉట్టి అయోమయం.

దేవేంద్రన్ నోట్లోంచి విజిల్ తీసుకుంటూ ఉండగా ఇంట్లోంచి వినిపించింది. టక్ టకటక్, టక్ టకటక్. మగ్గం మళ్ళీ మోగుతోంది.

అందరూ నిలువునా ఆగిపోయారు.

"ఈయన ఇక్కడ ఉంటే లోపల ఎవరు?" అని ఎస్సై మెల్లగా అడిగాడు.

"దొంగ" అన్నాడు కుప్పయ్య. "దొంగ నేస్తాండాడు సార్."

కన్నియమ్మ చెవి ఒగ్గి వింది. "నేయనీ. పని తెలిసినోడే. చెయ్యి ఈయన కంటే బాగుండాది" అంది.

స్పీకరుకు ప్రాణం తిరిగొచ్చిందని దేవేంద్రన్ అనుకున్నాడు. అది ఆగినప్పుడు భయపడ్డాడు, మోగుతుంటే ఇంకా భయపడ్డాడు. ఎస్సై లాఠీ పట్టుకుని ముందు నడిచాడు. వెనక రోకళ్ళు నడిచాయి. మగ్గం గది తలుపు తోశారు.

గుంటలో సుగంధి కూర్చుని నేస్తోంది. కొంగు నడుముకు చెక్కుకుంది. కాలు కింది తొక్కుడు పావుకోళ్ళ మీద, చెయ్యి నాడె తాడు మీద. జనాన్ని చూసి ఆపింది. ఆపే ముందు గుంజ మీద మూడు దెబ్బలు కొట్టింది. పద్ధతి పద్ధతే.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఎస్సై.

సుగంధి మొగుడి వైపు చూసింది. జుట్టులో చీపురు పుల్లలు, మోచేతికి మన్ను, మెడలో విజిల్. దేవేంద్రన్ కూడా ఆమెను చూశాడు. ఇప్పుడు ఈమె ఒక్క మాట అంటే చాలు. టోపీ పోతుంది, పరువు పోతుంది, వెంకటముని కొట్లో కూడా తల ఎత్తలేడు. జీవితంలో మొదటిసారి ఆయన భార్యను నోటితో కాకుండా కళ్ళతో బతిమాలాడు.

"రిహార్సల్ సార్" అంది సుగంధి.

"ఎన్నది?"

"మా ఇంటాయన పెట్టిన రిహార్సల్. తాను దొంగ మాదిరి గోడ దూకుతానన్నాడు. నన్ను మగ్గం నిలపమన్నాడు. వీధి నిజంగా వస్తాదా, కన్నియమ్మక్క నిజంగా కొడతాదా చూడాలన్నాడు. చూసినాడు కదా."

శివప్రకాశం దేవేంద్రన్ భుజం తట్టాడు. చీపురు తగిలిన భుజమే.

"పిరమాదం! ఇది ప్రతి శుక్కురవారం చేద్దాం. దొంగ వేషం ఈయనకే. ఇంత బాగా ఎవరు చేస్తారు?"

"అట్లనే సార్" అంది కన్నియమ్మ. "ఈ చీపురు అరిగిపోయింది. కొత్తది తెస్తా."

"మరి టోపీ?" అని కుప్పయ్య అడిగాడు. "దొంగకు టోపీ ఎందుకు సార్?"

న్యాయమైన ప్రశ్నే. ఎస్సై టోపీ తీసి సుగంధి చేతికిచ్చాడు. విజిల్ కూడా ఇచ్చాడు. జనం చప్పట్లు కొట్టి ఎవరి మగ్గాలకు వాళ్ళు పోయారు.

ఇద్దరూ మిగిలాక సుగంధి కండెల బుట్ట వెనకనుంచి స్పీకరు తీసి ఆయన ముందు పెట్టింది. దేవేంద్రన్ దాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఆ నటన ఎక్కువసేపు నిలవలేదు.

"ఎప్పుడు కనిపెట్టినావు మే?"

"మొదట రెండు దినాలు తెలియలేదు. వడ తినను రమ్మని పిలిస్తే 'వస్తాండా, వస్తాండా' అన్నావు. రాలేదు. నువ్వు ఎప్పుడొచ్చినావు గనక? అనుమానం రాలేదు. ఆ మర్నాడు నేను నోరు తెరవకముందే 'వస్తాండా' అన్నావు. ఇరవై ఏండ్ల కాపురంలో నేను పిలవకముందు నువ్వు పలికింది లేదు. తలుపు తీసి చూసినా."

"అప్పుడే అడగొచ్చు కదా?"

"అడిగితే ఏమంటావు? వస్తాండా అంటావు. దీని నోరు మూసి నేను కూచున్నా, నువ్వు వచ్చే వేళకు మళ్ళా దీన్ని మోగించి పక్కకు పోయినా. చీర కావాల్సింది నాకు కదా."

దేవేంద్రన్ మగ్గం మీద బట్టను చూశాడు. ఎక్కడా లోపం లేదు. తన చేతివాటం మీద కలిగిన గౌరవమంతా ఎవరికి చెందాలో ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. చీపురు దెబ్బలకు వేయని సిగ్గు.

"మరి ఈ పొద్దు ఎందుకు ఆపినావు? ఎస్సై వచ్చినాడనా?"

"ఒళ్ళంతా అయిపోయింది. ఇంక కొంగు మిగిలింది. కొంగన్నా నీ చేత్తో నేయాలని." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "నేను పిలిస్తే రావు. ఊరంతా పిలిస్తే వస్తావని ఆపినా. నువ్వు పెట్టిన పద్ధతే కదా, బాగా పనిచేస్తాండాది."

దేవేంద్రన్ తువ్వాలుతో మోచేతి మన్ను దులుపుకున్నాడు. గుంటలోకి దిగి కూర్చున్నాడు. సుగంధి టోపీ పెట్టుకుని, తలుపు బార్లా తీసి, ఎదురుగా రాట్నం వేసుకుని కండెలు చుడుతూ కూర్చుంది. మూడు దెబ్బలు కొట్టాలనిపించినప్పుడల్లా ఆయన తల ఎత్తి ఆమెను చూసేవాడు. ఆమె విజిల్ వైపు చూసేది.

కొంగు పూర్తయింది.

ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ మెట్ల మీద కావళ్ళు, జనం, హరోంహర కేకలు. దానిమ్మ గింజ రంగు చీరలో సుగంధి ముందు ఎక్కుతోంది. వెనక పూజ సామాన్ల సంచి, నీళ్ళ సీసా, ఆమె చెప్పులు పట్టుకుని దేవేంద్రన్ ఎక్కుతున్నాడు. చీర చూసిన ఆడవాళ్ళు ఆపి అడుగుతున్నారు. అడిగిన ప్రతిసారీ ఆమె ఒకే మాట చెబుతోంది. "మా ఇంటాయన నేసింది." ఆ మాట వినలేక ఆయన రెండు మెట్లు వెనకబడ్డాడు. ఇంకా వినిపిస్తూనే ఉంది, మళ్ళీ వచ్చి పక్కన చేరాడు.

మలుపు దగ్గర బందోబస్తులో శివప్రకాశం కనిపించాడు. చీర చూశాడు, ఆగాడు.

"చీర ఎవరు నేసింది అమ్మా?"

"మా ఇంటాయన సార్."

"ఒళ్ళు ఈమె నేసింది సార్" అన్నాడు దేవేంద్రన్. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు, నోరు దానంతట అదే అనేసింది. "కొంగు మటుకు నేను."

సుగంధి మొగుడిని చూసింది. ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి దేవేంద్రన్‌కు ప్రాణం లేచొచ్చింది, ఈ ఒక్క మాట ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేకపోయానా అనిపించింది. ఆమె ఎస్సై వైపు తిరిగింది.

"వచ్చే ఏడు మొత్తం చీర తానే నేస్తానన్నాడు సార్. తలుపు తెరుచుకోని."

"పిరమాదం!" అన్నాడు శివప్రకాశం.

ఈసారి దేవేంద్రన్‌కు ఆ మాట తెలుగులో వినిపించింది.